మర్నాడుగారూ, ఆయన నల్లతెరా

మా ఆఫీసులో ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు మర్నాడు వచ్చేది.

పొద్దున్నే "టీ తాగుతారా?" అని అడిగామనుకోండి. కిటికీలోంచి మబ్బుల వంక చూసేవారు. మనం తాగేసి, కప్పు కడిగేసి, పని చూసుకుని, ఇంటికెళ్ళి తిని పడుకుని లేచి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాక వెనకనించి మెత్తగా "తాగుతానండీ" అని వినిపించేది. ఏం తాగుతానంటున్నారో గుర్తు తెచ్చుకునే పూచీ మనది.

చెవుడా అంటే కాదు. పొగరు అంతకన్నా కాదు. అడిగింది శుభ్రంగా వినేవారు, తల కూడా ఊపేవారు. ఆ ప్రశ్న లోపలికి వెళ్ళి, అక్కడెక్కడో కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, ఓ కునుకు తీసి, తెల్లారాక జవాబై బయటికొచ్చేది. అందుకే ఆయన్ని మేమంతా మర్నాడుగారు అనేవాళ్ళం. ఎదురుగానే అనేవాళ్ళం. "ఆ పేరు మీకు ఇష్టమేనా?" అని కూడా అడిగాం. ఇష్టమేనని మర్నాడు చెప్పారు.

ఓసారి పంటి డాక్టరు "ఏ పన్ను నొప్పి?" అని అడిగాట్ట. ఈయన దీపం వంక చూశారు. డాక్టరుకి తొందర. తనకి తోచిన పన్ను పీకేశాడు. మర్నాడు ఈయన మళ్ళీ వెళ్ళి, "ఎడంవైపు కిందదండీ" అని చెప్పొచ్చారు. డాక్టరు పీకింది కుడివైపు పైది.

వాళ్ళావిణ్ణి నేను వదినా అని పిలిచేవాణ్ణి. పెళ్ళి సంగతి ఆవిడే చెప్పింది.

"బస్టాపులో నేనే అడిగానయ్యా, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని. ఈయన ఎదురుగా ఉన్న దీపస్తంభాన్ని చూస్తూ నించున్నారు. బస్సొచ్చింది. ఎక్కి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయాను. మర్నాడు వచ్చేసరికి ఈయన అదే చోట, ఆ స్తంభాన్నే చూస్తూ ఉన్నారు. నేను పక్కకి చేరేలోపలే 'చేసుకుంటాను' అనేశారు. అప్పటికి ఆయన పక్కనున్నది ఎవరో పెద్దావిడ."

"మరి ఆవిడేమంది?"

"ఆలోచించి చెప్తానందిట."

మాది నిఘంటువు తయారుచేసే ఆఫీసు. మూడో అంతస్తులో ఒకే ఒక పొడుగాటి గది. పడమటివైపంతా కిటికీలే. మధ్యాహ్నం తిరిగితే ఎండ బల్లల మీదికి పాక్కుంటూ వచ్చి కాగితాల మీద పడుకునేది. ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి, ఓడలు కదిలిపోతున్నట్టుండేవి. ఆ గదిలో కూర్చుని రోజంతా మాటలకి అర్థాలు రాస్తుంటే, సాయంత్రానికి మనం మెలకువగా ఉన్నామో, ఏ మాట తాలూకు కలలోనో ఉన్నామో తెలిసేది కాదు. తలా ఒక అక్షరం పంచుకున్నాం, రాశాక ఒకరిది ఒకరం దిద్దేవాళ్ళం. నాది 'ర'. నా పక్క బల్ల పిన్నిగారిది. అందరికన్నా పెద్దావిడ, అందరికీ పిన్నిగారే. ఆవిడది 'మ'.

మేం ఒకరి రాతలు ఒకరం చెరుపుకుంటున్నామని పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకుడు, ఒక కొత్త సిస్టం పెట్టించారు. మంచి సిస్టమే. మా పాత రాతలన్నీ కూడా తేదీలవారీగా అందులోకి ఎక్కించారు. ఎవరేం రాసినా పాతది పోకుండా దాస్తుంది. నిన్నటి రాత కావాలంటే నిన్నటిది, నిరుటిది కావాలంటే నిరుటిది తీసిస్తుంది. ఇద్దరు ఒకే మాట మీద పనిచేస్తే రెండు రాతల్నీ ఒకచోటికి చేరుస్తుంది. పెద్దాయన మాకు చెప్పదలుచుకున్న చీవాట్లు కూడా దాని ద్వారానే వచ్చేవి. చిక్కల్లా, దానితో మాట్లాడాలంటే ఒక నల్లతెర ముందు కూర్చుని ఆజ్ఞలు టైపు చెయ్యాలి. బొమ్మలుండవు, బటన్లుండవు. ఏ మాత్రం తప్పు కొట్టినా ఇంగ్లీషులో కసురుతుంది.

అసలే నిఘంటువు మనుషులం. ఏ మాట కనబడినా అర్థం చెప్పుకోందే ఊరుకోం. అది 'ఫేటల్' అంటే మా ప్రూఫ్‌రీడర్ 'ప్రాణాంతకం' అని అందరికీ వివరించాడు. కామా ఎక్కువైతే ప్రాణాంతకం, చుక్క తక్కువైతే ప్రాణాంతకం. ఆ ఆఫీసులో మేం రోజూ భోజనానికి ముందు నాలుగైదుసార్లు పోయేవాళ్ళం. ఒకనాడు ప్రూఫ్‌రీడర్ ఏం నొక్కాడో, 'మీ తల విడిపోయి ఉంది' అని దాదాపు ఆ అర్థమే వచ్చే ఇంగ్లీషు వాక్యం తెర మీద ప్రత్యక్షమైంది. అతను రెండు చేతులతో మెడ తడుముకున్నాడు.

"ఉందా?" అంది పిన్నిగారు కళ్ళజోడు పైనించి చూస్తూ.

"ఉన్నట్టే ఉందండీ."

"అయితే పని చూసుకో."

కంప్యూటర్లు చూసుకోవడానికని మా ఆఫీసుకి ఉన్నది మర్నాడుగారొక్కరే. పెద్దాయన ఆయన్ని పిలిచి, "ఏమయ్యా, దీని చేత మనుషులు మాట్లాడుకునే మాటలు మాట్లాడించగలవా?" అని అడిగారు. ఆయన దుప్పట్ల వంక చూశారు. పెద్దాయన కాసేపు నిలబడి, తనూ దుప్పట్ల వంక చూసి, అక్కడ ఏమీ దొరక్క వెళ్ళిపోయారు.

మర్నాడు పెద్దాయన ఫోన్లో ఎవరితోనో గట్టిగా వాదిస్తుంటే ఈయన తలుపు తోసి, "మాట్లాడించగలనండీ" అన్నారు.

"ఎవరి చేత?" అన్నారు పెద్దాయన, ఫోను చేత్తో మూసి.

ఆ తరవాత వారాల తరబడి ఆయన చేసిన పనల్లా మా కుర్చీల వెనక నించుని కిటికీలోంచి బయటికి చూడ్డం. మబ్బులు చూస్తున్నారనుకున్నాం. ఓ పూట వచ్చి మా అందరి నల్లతెరలకీ కొత్త తొడుగు వేశారు. చూస్తే ఆజ్ఞలన్నీ మా నోళ్ళలోంచి ఊడిపడ్డవే! పని మధ్యలో మేం ఎవరికి వాళ్ళం గొణుక్కునే మాటలన్నీ ఏరుకున్నారన్నమాట. రాసింది భద్రం చెయ్యాలంటే 'దాచు'. తికమకపడితే 'ఎక్కడున్నాను'. అలా అడగ్గానే అది ఓపిగ్గా చెప్పేది: "మీరు 'ర'లో ఉన్నారు. 'రవ్వంత' దగ్గర ఆగారు. పొద్దుటినించీ రాసింది ఇంకా దాచుకోలేదు. దాచుకుంటే మంచిది."

పొరపాటు చేస్తే, చేసినదాన్ని వెనక్కి తిప్పడానికి ఆజ్ఞ, 'అయ్యో'.

"అయ్యో అని కొట్టండి పిన్నిగారూ" అన్నాను నేను.

"కొట్టడమెందుకు, పొద్దుటినించీ అంటూనే ఉన్నానుగా" అందావిడ. అయినా కొట్టింది. చెరిగిపోయిన వాక్యం గూటికొచ్చిన పావురంలా వచ్చి వాలింది. పిన్నిగారు తెర వంక ముద్దుగా చూసింది.

'అయ్యో' అంటే ఒక్క అడుగు వెనక్కి. 'అయ్యయ్యో' అంటే ఇంకాస్త వెనక్కి. ఎన్ని 'య్య'లుంటే అంత దూరం. ప్రూఫ్‌రీడర్ ఒకనాడు నిజంగానే గాభరాపడి గుక్కతిప్పుకోకుండా 'అయ్యయ్యయ్యయ్యయ్యయ్యో' అని కొట్టేసరికి, ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన పేజీలో తేలాడు. తన పాత తప్పులు చదువుకుంటూ, చిన్నప్పటి ఫొటోలు చూసుకున్నట్టు నవ్వుకుంటూ, ఆ పూటంతా అక్కడే ఉండిపోయాడు.

అన్ని మాటలూ అంత తేలిగ్గా కుదరలేదు. ఇద్దరి రాతల్నీ ఒకటి చెయ్యడానికి 'కలుపు' అని పెట్టారు. పిన్నిగారు ఒప్పుకోలేదు.

"కలుపంటే పీకెయ్యాల్సింది కదండీ? పొలంలో కలుపు, పేజీలో కలుపు ఒకటేనా? రేపు ఇది నా 'మ'లో కలుపు తీస్తానని బయల్దేరితే?"

ఆయన మబ్బు వంక చూశారు. మర్నాటికి అది 'కలిపెయ్' అయింది.

అసలు రాతని ముట్టుకోకుండా పక్కన వేరేగా ప్రయత్నించి చూసుకునే వీలు కూడా ఉంది. ఇంగ్లీషులో దాన్ని కొమ్మ అంటారని, ఈయనా 'కొమ్మ' అనే పెట్టారు. పిన్నిగారు మళ్ళీ లేచింది.

"పాత రోజుల్లో కొమ్మంటే ఆడమనిషి అని కూడా అర్థం. పని అయిపోయింది కాబట్టి కొమ్మని నరికెయ్యమంటారా అని అడుగుతోందిది. నరికెయ్యమంటానా నేను?"

మర్నాటికి 'పక్కదారి' వచ్చింది. అందరికీ నచ్చింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే పెద్దాయన తన గదిలో నల్లతెర తెరిచారు. అది ఎంతో వినయంగా "అయ్యా, మీరు పక్కదారి పట్టి ఉన్నారు" అంది. ఆయన గదిలోంచి వచ్చిన కేకకి ఎదుటి మేడ మీద పావురాలు లేచిపోయాయి. ఆ మర్నాడు అది 'చిత్తుప్రతి'గా స్థిరపడింది.

మిషన్ని మనం నువ్వు అనచ్చునట, మిషన్ మాత్రం మనల్ని మీరు అనాలిట. అది ఆయన పెట్టుకున్న నియమం. ఇద్దరు ఒకే మాటకి రెండు అర్థాలు రాస్తే ఇదివరకు ఆ తెర 'సంఘర్షణ' అని అరిచి పని ఆపేసేది. ఇప్పుడు, "ఇక్కడ మీరొకటి రాశారు, పిన్నిగారొకటి రాశారు. రెండూ బాగానే ఉన్నాయి. ఆవిడతో ఓ మాట మాట్లాడి చెప్తారా?" అనేది. మేం కుర్చీలు దగ్గరికి జరుపుకుని మాట్లాడుకునేవాళ్ళం. 'మర్నాడు' అనే మాటకి పిన్నిగారు 'ఆయన జవాబు చెప్పే రోజు' అని సరదాగా చిత్తుప్రతిలో రాసుకుంటే, అది కూడా మర్యాదగా దాచిపెట్టింది.

అంతా బాగుంది. ఒక్క ఆజ్ఞ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఒక అక్షరం మొత్తాన్ని, దాని పాత రాతలన్నిటితో సహా, మళ్ళీ మొలవకుండా వేళ్ళతో పెకలించే ఆజ్ఞ ఒకటుంది. అది చేశాక ఎన్ని అయ్యోలన్నా లాభం లేదు. దాన్ని తీసేస్తానన్నారు మర్నాడుగారు. "ఉండాలయ్యా! ఇంట్లో కత్తిపీట ఉండదా? అది ఉండదంటే ఎలా?" అన్నారు పెద్దాయన. ఈయన మర్నాడు "ఉంటుందండీ" అన్నారు. దానికి 'తుడిచిపెట్టు' అని పేరు పెట్టారు. ఇంకేం చేశారో ఎవరం అడగలేదు.

అలా ఉండగా పుస్తకం మరీ లావైపోతోందని పెద్దాయనకి బెంగ పట్టుకుంది. ఎవరూ వాడని మాటలు తీసెయ్యాలని మీటింగు పెట్టారు. ముందు పిన్నిగారి 'మ' మీద పడ్డారు.

"మునిమాపు ఎందుకు? సాయంత్రం ఉందిగా. మారాకు ఎందుకు? చిగురు చాలదూ? మాగన్ను... ఈ రోజుల్లో మాగన్ను అని ఎవరంటున్నారండీ?"

కునుకుకీ మెలకువకీ మధ్య కళ్ళు అరమూసి ఉండే స్థితి అది. ఆవిడకి ప్రాణమైన మాట.

"మీరు మీటింగులో కూర్చున్నప్పుడల్లా మేమంతా అనుకుంటూనే ఉన్నాం" అంది పిన్నిగారు.

గది గొల్లుమంది. ప్రూఫ్‌రీడర్ మరీ గట్టిగా నవ్వాడు. పెద్దాయన మొహం కందిపోయింది. "రేపటికల్లా 'మ'లో సగం పోవాలి" అని తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయారు.

పిన్నిగారు తన బల్ల దగ్గరికి వచ్చింది. "సగమెందుకు, మొత్తం తీసుకోమను. సగం మాటలతో సగం బతుకు నాకెందుకూ?" అంటూ టక టక కొట్టింది. తెర చూడనైనా చూడలేదు. సంచీ తగిలించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను వంగి చూశాను. తెర మీద 'తుడిచిపెట్టు మ' అని ఉంది. దాని కింద మిషన్ జవాబు.

"అలాగే పిన్నిగారూ. రేపు పొద్దున్న మీరు రాగానే తుడిచేస్తాను. అంతకు ముందు మిమ్మల్ని ఇంకోసారి అడుగుతాను."

రేపు! మర్నాడుగారు తన జబ్బు మిషన్‌కి కూడా అంటించారు! ఆనందంతో నేను 'వద్దు' అని కొట్టబోయాను. వెనకనించి నా చెయ్యి పట్టుకున్నారెవరో.

"మీరు కొట్టకండి. ఆవిడ అన్నమాట, ఆవిడే చూసుకోవాలి."

మర్నాడుగారు! ఈ రోజు మాట ఈ రోజే అనగా నేను వినడం అదే మొదలు. ఆ తెల్లబోవడంలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పిన్నిగారు వెళ్తూ అన్నది గదంతా వింది. ఇంతలో సంగతి పెద్దాయన చెవిన పడనే పడింది. ఆయన మళ్ళీ ఊడిపడ్డారు.

"ఆవిడ 'మ' తుడిచేసిందా? అన్నేళ్ళ పని! ఏమయ్యా, నీకు తెలుస్తుందిగా ఎవరేం చేశారో. అవునా కాదా, ఒక్క మాట చెప్పు. అవునంటే ఆవిడ రేపట్నించి ఈ మెట్లు ఎక్కక్కర్లేదు."

మర్నాడుగారు కిటికీ వంక తిరిగారు. బయట పొద్దు వాలుతోంది. దుప్పట్లలోకి ఎండ దిగి అవి దీపాలు పెట్టిన గుడారాల్లా ఉన్నాయి. ఒక మబ్బు ఊరికే, ఏ పనీ లేకుండా అటునించి ఇటు వెళ్తోంది.

"నిన్నే! అడిగేది నిన్నే!"

మబ్బు ఇంకాస్త జరిగింది. పెద్దాయన నా వంక చూశారు. నేను గబగబా మబ్బు వంక చూశాను. ప్రూఫ్‌రీడర్ కూడా చూశాడు. గదిలో ఉన్నవాళ్ళందరం అలా కిటికీలోంచి మబ్బునే చూస్తూ ఉండిపోతే, ఆయన మాత్రం ఎంతసేపని అరుస్తారు? గొంతు దానంతటదే తగ్గింది. జోళ్ళు ఈడ్చుకుంటూ ఇంటికెళ్ళిపోయారు.

మర్నాడు నేను తొందరగా వచ్చాను. పిన్నిగారు నాకన్నా ముందే వచ్చి ఉంది. బల్ల సొరుగు ఖాళీ చేసుకుని పోదామని వచ్చిందట. కానీ కుర్చీలో కూర్చుని ఉంది. కిటికీల్లోంచి ఇంకా ఎండ కాని వెలుతురేదో పడుతోంది. తెర మీద ఇలా ఉంది:

"పిన్నిగారూ, నిన్న 'మ' మొత్తం తుడిచిపెట్టమన్నారు. చెయ్యమంటారా? ముందు ఒకసారి చూస్తారేమోనని తెరిచి ఉంచాను."

ఆవిడ చూస్తోంది. మబ్బు, మసక, ముసురు, మునిమాపు, మెల్లగా ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. పైకి వినబడకుండా పెదాలతో చదువుకుంటోంది. నన్ను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అబ్బాయ్, నిన్న ఇదంతా నేనే అన్నానా?"

"అన్నారు పిన్నిగారూ."

"ఎంత మాటన్నాను!" అని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'వద్దు' అని కొట్టింది.

తెర ఒక్క క్షణం ఆగి, "హమ్మయ్య" అంది.

పిన్నిగారు ముందు నవ్వింది. తరవాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ నవ్వింది.

పెద్దాయన వచ్చేసరికి మర్నాడుగారు ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"నిన్న అడిగారు కదండీ. లేదండీ. ఎవరూ ఏమీ తుడవలేదు. 'మ' అంతా ఉంది."

అబద్ధమా అంటే కాదు. ఆ పొద్దున్న ఆ గడియకి అక్షరాలా నిజం. నిన్న సాయంత్రం నోరు విప్పి ఉంటే, ఆవిడ తుడిచెయ్యమందన్న నిజం కూడా చెప్పాల్సొచ్చేది. దాన్ని పట్టుకుని పెద్దాయన ఏదో ఒకటి చెయ్యాల్సొచ్చేది. చేశాక మనసులో కుమిలిపోయేదీ ఆయనే. ఇన్నాళ్ళూ ఈ మనిషి మబ్బుల వంక చూస్తూ నించుంటే పరధ్యానం అనుకున్నాం. మేం కోపంలో అడిగినవన్నీ ఆ మబ్బుల మీద ఆరేసి, తడి ఆరాక తీసుకొచ్చి మా చేతికిచ్చేవారని ఆ పూట నాకు తట్టింది. పంటి డాక్టరు విషయంలో ఏమాలోచించారో మటుకు నాకిప్పటికీ తెలీదు.

పెద్దాయన ఊపిరి పీల్చుకున్నారు. పిన్నిగారి బల్ల దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నారు.

"నిన్న ఇంటికెళ్ళి కుర్చీలో వాలానండీ. ఎవరో ఫోన్ చేశారు. మా ఆవిడ తీసి, 'ఆయన మాగన్నుగా ఉన్నారు, తరవాత చెయ్యండి' అంది. మా ఇంట్లోనే వాడుతున్నారు ఆ మాట. ఉండనివ్వండి."

"మిగతావో?" అంది పిన్నిగారు.

"మిగతావి... కలిసి చూద్దాం. ఎక్కడైనా మనకి పడకపోతే మాట్లాడుకుందాం."

"అలాగే. కుర్చీ ఇటు జరుపుకోండి" అందావిడ.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం పెద్దాయన మర్నాడుగార్ని గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు అద్దానిది, కాబట్టి వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. పైగా ఆయన గుసగుస మూడు బల్లల అవతలికి వినబడుతుంది.

"ఆ... పిన్నిగారే చెప్పారు, తుడిచిపెట్టమంటే రేపు అంటుంది చూడూ. అదేదో నా దాంట్లో కూడా పెట్టు. నేను వీళ్ళకి పంపే చీవాట్లకి."

ఈయన దుప్పట్ల వంక చూశారు. ఈసారి పెద్దాయన తొందరపడలేదు. తనూ కుర్చీ తిప్పుకుని తీరిగ్గా చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు ప్రతి పొద్దున్నా ఆయన గదిలో ఒక చిన్న నాటకం జరుగుతుంది. నేను 'ర' తెరుచుకుంటూ ఓరకంట చూస్తుంటాను. ఆయన రాగానే నల్లతెర ముందు కూర్చుంటారు. "అయ్యా, నిన్న ప్రూఫ్‌రీడర్ని ఇంత మాటన్నారు, పంపమంటారా?" అని అది అడుగుతుంది కాబోలు. తన మాటలే చదువుకుని ఉలిక్కిపడతారు. ఎవరు రాశారిది అన్నట్టు అటూ ఇటూ చూస్తారు. బుగ్గ గోక్కుంటారు. మెల్లగా ఒకే ఒక్క వేలితో రెండో మూడో అక్షరాలు కొట్టి, తెర ఏమందో గానీ, తనలో తను నవ్వుకుంటారు. ఇవతల ప్రూఫ్‌రీడర్ కాళ్ళు చాపుకుని, తనకి తెలియకుండా తను ఆ పొద్దున్న కూడా ఉద్యోగంలో మిగిలిపోయి, టీ ఊదుకుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తుంటాడు.